రీరైట్‌లకు ఏది మేలు: ఇంగ్రెస్ అనోటేషన్లా, గేట్‌వే ఏపీఐయా?

ఎన్నో సర్వర్ల సమూహం (క్లస్టర్) మీద అప్లికేషన్లను నడిపే వ్యవస్థ కుబెర్నెటీస్. బయటి నుంచి అందులోకి వచ్చే వెబ్ అభ్యర్థనలను సరైన అప్లికేషన్‌కు చేర్చే కంట్రోలర్లలో ఒకటైన ఇంగ్రెస్-ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాజెక్టును ఆపేస్తున్నట్టు 2025 నవంబరులో కుబెర్నెటీస్ ప్రకటించింది. అప్పటి నుంచి చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: మా రీరైట్‌లు (అభ్యర్థనలోని చిరునామాను లోపలే మార్చే నియమాలు), రీడైరెక్ట్‌లు (బ్రౌజర్‌ను వేరే చిరునామాకు పంపేవి) ఇక ఎక్కడ రాసుకోవాలి? 2026 మార్చి దాటాక భద్రతా సవరణలు కూడా ఉండవని చెప్పారు కాబట్టి ఉన్నచోటే ఉండిపోవడం మంచిది కాదు. అదే తరహా అనోటేషన్లు (ఇంగ్రెస్ ఫైలులో అదనంగా రాసే సెట్టింగులు) ఉన్న మరో కంట్రోలర్‌ను వెతుక్కోవడం ఒక దారి. 2023 అక్టోబరులో 1.0 వెర్షన్ విడుదలైన, ఇలాంటి నియమాలకు కుబెర్నెటీస్ తెచ్చిన కొత్త ప్రమాణమైన గేట్‌వే ఏపీఐకి మారడం రెండోది.

అనోటేషన్లతో పని తేలికన్నది నిజమే. పాత్‌లో (చిరునామాలో సైటు పేరు తర్వాతి భాగంలో) చిన్న రెగెక్స్ (అక్షరాల నమూనా), రీరైట్-టార్గెట్ అనే అనోటేషన్‌లో "/$2" (నమూనా పట్టుకున్న రెండో ముక్క) రాస్తే చాలు, "/షాప్/కార్ట్" అని వచ్చిన అభ్యర్థన అప్లికేషన్‌కు "/కార్ట్"గా అందుతుంది. పాత సైటు లింకులను ముక్కలుగా విడదీసి వరస మార్చాలన్నా ఇదే పద్ధతి పనికొస్తుంది.

కానీ నేను మొదట చూసేది, రాసిన నియమం ప్రభావం ఎక్కడ ఆగుతుందన్నది. ఇంగ్రెస్-ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఒక హోస్ట్‌కు (సైటు పేరుకు) చెందిన ఏ ఇంగ్రెస్‌లో (దారి నియమాల ఫైలులో) రీరైట్-టార్గెట్ పెట్టినా, ఆ హోస్ట్ మీద ఉన్న పాత్‌లన్నీ రెగెక్స్‌గా మారిపోతాయి. వేరే టీమ్ వేరే ఇంగ్రెస్‌లో రాసుకున్నవీ అంతే. "/లాగిన్" ఒక్కటే సరిపోలాలని వాళ్లు ఎగ్జాక్ట్ అని రాసుకున్నా, "/లాగిన్-పాత" కూడా అక్కడికే చేరుతుంది. ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడా కూడా పోతుంది. వాళ్ల ఫైలులో ఒక్క అక్షరం మారకపోయినా వాళ్ల దారి మారిపోతుంది. పైగా అనోటేషన్ అంటే ఉత్త స్ట్రింగ్. పేరులో అక్షరం తప్పితే ఎవరూ హెచ్చరించరు, నియమం లేనట్టే ఉండిపోతుంది.

గేట్‌వే ఏపీఐలో యూఆర్ఎల్-రీరైట్, రిక్వెస్ట్-రీడైరెక్ట్ అనేవి హెచ్‌టీటీపీ-రూట్‌లోని (ఇక్కడి దారి నియమాల ఫైలులోని) ఒక రూల్ కింద ఉండే ఫిల్టర్లు. వాటి పని ఆ రూల్‌తోనే ముగుస్తుంది. "/షాప్" అని ప్రిఫిక్స్ (పాత్ ముందు భాగం) ఇస్తే "/షాపింగ్" దానికి తగలదు, ఎందుకంటే పోలిక స్లాష్‌ల మధ్య ఉన్న పూర్తి ముక్కలకే జరుగుతుంది. ఫీల్డు పేరు తప్పు రాస్తే, కుబెర్నెటీస్‌కు ఆదేశాలిచ్చే సాధనం కుబ్‌సీటీఎల్ అక్కడే ఆపుతుంది. ఒకే రూల్‌లో రీరైట్, రీడైరెక్ట్ రెండూ పెట్టినా తిరస్కరిస్తుంది. పది మంది చేతులు పడే క్లస్టర్‌లో నేను దీనికే ఓటు వేస్తాను.

దీనికీ లోటు ఉంది. ప్రామాణిక ఫిల్టర్ పాత్ మొత్తాన్ని గానీ, ముందు భాగాన్ని గానీ మార్చగలదు. రెగెక్స్‌తో ముక్కలు పట్టుకుని తిరగరాయలేదు. ఎన్‌వాయ్ గేట్‌వే అనే కంట్రోలర్ తన సొంత ఫిల్టర్‌తో ఆ వీలు కల్పిస్తుంది, కానీ అది వాడితే ఆ మేరకు మీ నియమం ఎన్‌వాయ్ గేట్‌వేకే కట్టుబడుతుంది. మరో ఇబ్బంది కూడా ఉంది: "/షాప్" తీసేసిన సంగతి అప్లికేషన్‌కు తెలియదు. అది "/లాగిన్"కు వెళ్లమంటే బ్రౌజర్ "/షాప్/లాగిన్"కు కాకుండా నేరుగా "/లాగిన్"కు వెళ్లి 404 చూస్తుంది. తీసేసిన ప్రిఫిక్స్‌ను ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రిఫిక్స్ హెడర్‌లో (అభ్యర్థనతో పాటు వెళ్లే సమాచారంలో) మీరే వేరే ఫిల్టర్‌తో పంపాలి, అప్లికేషన్ దాన్ని చదవాలి.

ట్రాఫిక్ (Traefik) అనే మరో కంట్రోలర్‌లోని మిడిల్‌వేర్లలో (అభ్యర్థనను దారిలో మార్చే భాగాలలో) స్ట్రిప్-ప్రిఫిక్స్ ఆ హెడర్‌ను తనంతట తానే పంపుతుంది, రెగెక్స్ రీరైట్ కూడా ఉంది. ఒకే టీమ్ నడిపే చిన్న క్లస్టర్‌కు అది బాగానే సరిపోతుంది. ఇక రీడైరెక్ట్‌లను అప్లికేషన్ కోడ్‌లోనే రాయడం రెండు మూడు లింకులకైతే ఫరవాలేదు.

మారేవాళ్లకు ఇంగ్రెస్-టు-గేట్‌వే అనే సాధనం చాలావరకు సాయం చేస్తుంది. అయినా ఒకటి చేత్తో సరిచూసుకోవాలి. హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లించేటప్పుడు ఇంగ్రెస్-ఎన్‌జిన్‌ఎక్స్ మామూలుగా 308 అనే మళ్లింపు కోడ్ ఇస్తుంది. గేట్‌వే ఏపీఐ 1.0లో ఉన్నవి 301, 302 మాత్రమే. 301 అందుకున్న బ్రౌజర్లు పోస్ట్‌ను (వివరాలు పంపే అభ్యర్థనను) గెట్‌గా (పేజీని అడిగే అభ్యర్థనగా) మార్చేస్తాయి, ఫారంలో నింపిన వివరాలు దారిలోనే పోతాయి. మీ కంట్రోలర్ 308ను ఒప్పుకుంటుందో లేదో తేల్చుకున్నాకే పాత ఇంగ్రెస్‌ను తొలగించండి.