జెయింట్ సెంటర్‌లో మూడు శీతకాలాలు: హెర్షీ బేర్స్ టికెట్టు గురించి ఒక డ్రిల్లు మాష్టారి మాట

నేను తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ముప్పయ్యొక్క ఏళ్లు డ్రిల్లు మాష్టారుగా పనిచేసి రిటైరయ్యాను. హాకీ నాకు కొత్త కాదు. మట్టి మైదానంలో వందలమంది పిల్లలకు కర్ర పట్టుకోవడం నేర్పాను. మంచు మీద ఆడే హాకీని మాత్రం అరవై మూడేళ్ల వయసులో, పెన్సిల్వేనియాలోని మెకానిక్స్‌బర్గ్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చాకే చూశాను.

ఈ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లలో చాలామంది హారిస్‌బర్గ్‌లో రాష్ట్ర ప్రభుత్వ ప్రాజెక్టుల్లో పనిచేస్తారు. సెలవు వస్తే న్యూ కంబర్లాండ్ గుడికి వెళతారు, చుట్టాలు వస్తే హెర్షీ తీసుకెళ్లి చాక్లెట్లు కొనిపెడతారు, వేసవిలో హెర్షీపార్కులో పిల్లల్ని ఆడిస్తారు. ఆ పార్కు పక్కనే ఉన్న జెయింట్ సెంటర్‌లోకి మాత్రం మనవాళ్లు అడుగుపెట్టడం అరుదు. నేను మూడు శీతకాలాలు అందులో కూర్చున్నాను. మొదటి ఏడాది విడి టికెట్లతో, తర్వాతి రెండేళ్లు సీజన్ టికెట్లతో. వెళ్లాలా వద్దా అని ఆలోచించేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

హెర్షీ బేర్స్ అమెరికన్ హాకీ లీగ్ జట్టు. నేషనల్ హాకీ లీగ్‌కు ఒక మెట్టు కింద ఉండే లీగ్ ఇది. పైన 32 జట్లు, కింద 32 జట్లు. కింది జట్టు ప్రతిదానికీ పైన ఒక జట్టుతో ముడి ఉంటుంది. హెర్షీకి వాషింగ్టన్ క్యాపిటల్స్‌తో ఉంది. పైజట్టు తన కుర్రాళ్లను ఇక్కడ ఉంచి తయారుచేస్తుంది, అవసరమైతే పిలుస్తుంది, కుదరకపోతే వెనక్కి పంపుతుంది. హెర్షీ 1938 నుంచి ఈ లీగ్‌లో ఉంది. లీగ్ విజేతకిచ్చే కాల్డర్ కప్పును 13 సార్లు గెలిచింది. మరే జట్టుకూ అన్ని లేవు. జెయింట్ సెంటర్ 2002లో తెరిచారు, పదివేల అయిదువందల మంది పడతారు. ఊరు చిన్నది, చాక్లెట్ అవెన్యూలో వీధిదీపాలు కూడా కిస్సెస్ చాక్లెట్ ఆకారంలోనే ఉంటాయి. అలాంటి ఊళ్లో శనివారం రాత్రి ఇంతమంది ఒకచోట చేరడం చూసి నేను మొదట్లో ఆశ్చర్యపోయాను.

ఈ లీగ్‌లో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. గోలీలు (గోలు కాపలా కాసేవాళ్లు) కాకుండా ఆటలో దిగే 18 మందిలో కనీసం 13 మంది ఇంకా ఎదిగే దశలో ఉన్నవాళ్లయి ఉండాలి. అందులో పన్నెండుగురు ఆ సీజన్ మొదలయ్యేనాటికి 260 ప్రొఫెషనల్ ఆటలకు మించి ఆడి ఉండకూడదు, ఇంకొకరు 320కి మించకూడదు. అంటే మీరు టికెట్టు కొని చూసేవాళ్లలో ఎక్కువమంది నేర్చుకుంటున్న పిల్లలని నియమమే చెబుతోంది. మిగిలిన కొద్దిమంది పెద్దవాళ్లు ఆ పిల్లల పక్కన అన్నల్లా ఆడతారు. పాఠశాలలో పదో తరగతి పిల్లవాణ్ణి ఏడో తరగతివాళ్లతో ఆడించే పద్ధతి నాకు తెలుసు. అదే పద్ధతిని ఇంత పెద్ద ఎత్తున చూస్తాననుకోలేదు.

2022 డిసెంబరులో మా అల్లుడు మొదటిసారి నన్ను, తొమ్మిదేళ్ల మనవణ్ణి తీసుకెళ్లాడు. ఆ టికెట్ల గురించి ఒక హెచ్చరిక. తొందరలో మేము ఒక తిరిగి అమ్మే వెబ్‌సైటులో కొన్నాం. టికెట్టు మీద రాసిన ధరకూ మేము కట్టినదానికీ పొంతన లేదు. రుసుములన్నీ చివరి పేజీలో బయటపడ్డాయి. ఆ తర్వాత ఎప్పుడూ జట్టు టికెట్ కార్యాలయం నుంచే కొన్నాం, ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ రోజు ఆటలో నాకు ఏమీ అర్థం కాలేదు. ముప్పావు నిమిషానికోసారి అయిదుగురూ మారిపోతున్నారు. కర్రకు రెండు వైపులా ఆడుతున్నారు. మన హాకీలో బల్లపరుపు వైపే ఆడాలి. గోలు వెనక కూడా మైదానం ఉంది, అక్కడికీ వెళ్లి ఆడుతున్నారు. మన హాకీలో 1990ల్లో తీసేసిన ఆఫ్‌సైడ్ ఇక్కడ నీలిగీత రూపంలో నిక్షేపంగా ఉంది. బంతి బదులు వాడే నల్లటి రబ్బరు బిళ్ల, పక్, ఎక్కడుందో కనిపెట్టేలోపు అది ఇంకోచోట ఉంటోంది. అప్పుడు మా అల్లుడు, "మామయ్యా, పక్ వదిలెయ్యండి. ఆ 24 నంబరు కుర్రాణ్ణి ఒక్కణ్ణే చూడండి" అంటూ ఎవరినో చూపించి, పక్కనే ఇంకొకరి కథ చెప్పాడు. ఆ కథ కానర్ మెక్‌మైకేల్‌ది.

మెక్‌మైకేల్‌ను వాషింగ్టన్ 2019 డ్రాఫ్టులో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోటు) మొదటి రౌండులోనే, 25వ స్థానంలో తీసుకుంది. 2020-21లో హెర్షీలో 33 ఆటల్లో 27 పాయింట్లు (కొట్టిన గోల్స్, గోలుకు అందించిన పాసులు కలిపి) చేశాడు. మరుసటి ఏడాది పైన 68 ఆటలు ఆడాడు, కాని గోల్స్ తొమ్మిదే. 2022-23లో ఆరు ఆటలాడించి మళ్లీ హెర్షీకి పంపేశారు. అప్పటికి అతనికి ఇరవై ఒక్కటి. పైజట్టులో ఏడాదంతా ఉండి వచ్చినవాడు ఇక్కడ బస్సెక్కి వారాంతంలో రెండు మూడు ఊళ్లు తిరుగుతూ ఆడాలి.

మా మనవడు అడిగాడు: "తాతయ్యా, అతను ఏం తప్పు చేశాడు?"

నాకు వెంటనే జవాబు రాలేదు. నా దగ్గర చదివిన ఒక అబ్బాయి గుర్తొచ్చాడు. లెఫ్ట్ ఇన్ ఆడేవాడు, మణికట్టులో వెన్న ఉండేది. జిల్లా జట్టుకు ఎంపికయ్యాడు, రెండు ఆటలు సరిగా ఆడలేదు, పంపేశారు. ఊరికి తిరిగి వచ్చాక మళ్లీ మైదానం వైపు రాలేదు. నేను ఇంటికి వెళ్లి పిలిచాను, వాళ్ల నాన్న కూడా చెప్పాడు. రాలేదు. మా దగ్గర పైకెక్కే మెట్టు ఒకటి ఉండేది. దిగివచ్చినవాడు నిలబడి మళ్లీ ఊపిరి పీల్చుకునే చోటు లేదు. ఆ చోటు నేనే కల్పించాల్సిందని నాకు ఆలస్యంగా తెలిసింది.

అందుకే ఆ ఏడాదంతా మెక్‌మైకేల్ మీదే నా కన్ను. హెర్షీలో 57 ఆటలు, 39 పాయింట్లు. వసంతంలో ప్లేఆఫ్స్, అంటే కప్పు కోసం ఆడే చివరి పోటీలు. ఏడు ఆటల దాకా సాగే 2023 ఫైనల్‌లో కోచెల్లా వ్యాలీ ఫైర్‌బర్డ్స్ చేతిలో మొదటి రెండు ఆటలూ ఒక్క గోలైనా వేయకుండా ఓడి, ఏడో ఆటలో, కాలిఫోర్నియాలో, అదనపు సమయంలో 3-2తో గెలిచారు. గెలుపు గోలు కొట్టింది మైక్ వెకియోనీ, అనుభవజ్ఞుడు. ఇంట్లో అందరూ అర్ధరాత్రి దాకా మేలుకుని చూశాం. ఆ వేసవిలో వాషింగ్టన్ శిక్షకుడిగా స్పెన్సర్ కార్బెరీ వచ్చాడు. మెక్‌మైకేల్‌కు మొదటి ప్రొఫెషనల్ ఏడాదిలో హెర్షీలో శిక్షణ ఇచ్చినవాడే. మాష్టారూ శిష్యుడూ ఇద్దరూ ఈ మంచు మీద నుంచే పైకి వెళ్లారు. 2023-24లో మెక్‌మైకేల్ పైన 33 పాయింట్లు చేశాడు. 2024-25లో 82 ఆటలకు 82 ఆడి 26 గోల్స్‌తో 57 చేశాడు.

అయితే ఈ దారి ఒకసారి ఎక్కితే అయిపోయేది కాదు. హెండ్రిక్స్ లాపియేర్ సంగతి చూడండి. డ్రాఫ్టుకు ముందు తలకు దెబ్బలని భయపెట్టినవి చివరికి మెడ సమస్యగా తేలాయి. 2020లో 22వ స్థానంలో తీసుకున్నారు, 2021లో పైజట్టులో తొలి ఆటలోనే గోలు కొట్టాడు. తర్వాత మళ్లీ జూనియర్స్‌కు (కుర్రాళ్ల లీగ్‌కు), అక్కడినుంచి హెర్షీకి. 2024 ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడిగా ట్రోఫీ అందుకున్నప్పుడు నేను చప్పట్లు కొట్టి అరచేతులు మండించుకున్నాను. ఆ ఫైనల్ ఆరో ఆట ఇక్కడే జరిగింది. మాథ్యూ స్ట్రోమ్ అదనపు సమయంలో కొట్టిన గోలుతో 5-4. సరిగ్గా ఆ తర్వాతి సీజన్‌లో లాపియేర్ వాషింగ్టన్‌లో 27 ఆటలాడి ఒక్క గోలూ కొట్టలేక మళ్లీ హెర్షీ వచ్చాడు. అతను తిరిగొచ్చాక జనం పేరెత్తి పిలిచిన తీరు విన్నాను. ఓడి వచ్చినవాణ్ణి పిలిచినట్టు లేదు, పండక్కి ఇంటికి వచ్చిన కొడుకును పిలిచినట్టుంది.

ఇక సీటు ఎక్కడ తీసుకోవాలో చెబుతాను. చాలామంది మధ్యగీత దగ్గర కావాలంటారు. నేను మాత్రం మూల వైపు, కిందనుంచి పది పన్నెండు వరుసలు పైకి తీసుకోమంటాను. నేర్చుకునే కుర్రాడి కష్టమంతా ఆ మూలలోనే కనిపిస్తుంది. గోడకూ మనిషికీ మధ్య పక్ ఇరుక్కున్నప్పుడు ముందు భుజం పెడతాడా, కర్ర పెడతాడా. పోగొట్టుకున్నాక తల వంచుకుంటాడా, వెనక్కి పరిగెత్తుతాడా. ఇవి టీవీలో కనిపించవు, కెమెరా పక్ వెంట పోతుంది.

చలి ఉంటుంది, స్వెట్టరు తప్పదు. గోలు పడినప్పుడు మోగే హారన్ చాలా పెద్దది, పసిపిల్లలకు చెవుల మీద మూతలు పెట్టండి. మేము ఇంట్లో భోజనం చేసే వెళతాం. ఇక గ్లౌజులు పారేసి కొట్టుకోవడం ఈ ఆటలో ఉంది. అయిదేసి నిమిషాలు బయట కూర్చోబెడతారు, అంతే. నాకు అది నచ్చదు, మూడేళ్లకూ నచ్చలేదు. అప్పుడు మనవడికి ఏదో ఒక మాట చెప్పి దృష్టి మళ్లిస్తాను.

ఏడాదికి ఒక ఆట మాత్రం పిల్లలున్నవాళ్లు తప్పకుండా చూడాలి. బేర్స్ మొదటి గోలు పడగానే జనమంతా తెచ్చిన బొమ్మలను మంచు మీదకు విసురుతారు, అవన్నీ సేవాసంస్థలకు వెళతాయి. 2025 జనవరిలో లెక్క 1,02,343. మా మనవడివి నాలుగు ఉన్నాయి అందులో. ఆ రోజు టికెట్లు త్వరగా అయిపోతాయి.

ఇతర ఊళ్లలో ఉన్న మనవాళ్లకూ ఈ అవకాశం ఉంది. ఆస్టిన్ దగ్గర సీడార్ పార్కులో టెక్సస్ స్టార్స్, శాన్ హోసేలో బారాకూడా, షార్లట్‌లో చెకర్స్ ఇదే లీగ్‌లో ఆడతాయి.

చివరిగా ఇంకో కుర్రాడి గురించి. ఇంకా దారి వెతుక్కుంటున్నవాడు కాబట్టి పేరు రాయను. సీజన్ మొదట్లో మా మూలలోనే మూడుసార్లు పక్ పోగొట్టుకున్నాడు, మూడోది గోలయింది. ఆ ఆట చివరి ఇరవై నిమిషాలూ బెంచి మీదే కూర్చున్నాడు. కర్ర చివర టేపును గోటితో లాగుతూనే ఉన్నాడు. మా బళ్లో పిల్లలు చొక్కా గుండీ లాగినట్టు. నాకు అక్కడికి దిగి వెళ్లి భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. నవంబరులో అతని నంబరు కనిపించలేదు. అల్లుడు ఫోనులో చూసి చెప్పాడు: ఇంకో మెట్టు కిందికి, సౌత్ కరొలైనా స్టింగ్‌రేస్‌కు పంపారట. మనవడి ముఖం చిన్నబోయింది. ఆ మెట్టునుంచి వచ్చినవాడే హంటర్ షెపర్డ్ అని చెప్పాను. డ్రాఫ్టులో ఏ జట్టూ తీసుకోని గోలీ. స్టింగ్‌రేస్‌లో ఆడి, హెర్షీకి వచ్చి, 2023 ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. మనవడు కొంచెం తేరుకున్నాడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం, ఆటకు ముందు వార్మప్ చేస్తుంటే మనవడు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "తాతయ్యా, వచ్చాడు!" నాలుగో లైనులో, అంటే చివరి వంతులో దిగేవాళ్లతో వేశారు, ఎక్కువసేపు ఆడించలేదు. మూడో పీరియడ్‌లో మన జట్టువాడొకడు పెనాల్టీ పడి బయట కూర్చున్నాడు, నలుగురే మిగిలారు, ఆ నలుగురిలో ఇతన్ని దింపారు. ఎదుటివాళ్లు గట్టిగా కొట్టిన పక్‌కు అడ్డంగా పడుకున్నాడు. మడమకు తగిలింది. లేచి, కుంటుతూ మా మూలకే వచ్చి, గోడను ఆనుకుని పక్‌ను కాళ్లతో తొక్కిపట్టి, తర్వాత పొడుగ్గా అవతలి కొసకు కొట్టేశాడు. బెంచికి చేరేసరికి అక్కడున్నవాళ్లందరూ కర్రలతో గోడను టకటక కొట్టారు.

వచ్చే సీజన్‌కు అదే మూలలో మూడు సీట్లు రెన్యూ చేశాం.