హంబుల్ బండిల్: పన్నెండేళ్లు వాడాక చెప్తున్నా

2012 జూన్. శ్రీకాకుళంలో మా ఇంట్లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్, రాత్రి 2 నుంచి పొద్దున్న 8 దాకా ఎంత దింపుకున్నా లెక్కలోకి రాని ప్లాన్. రెండింటికి అలారం పెట్టుకుని లేచి, టారెంట్ ఆన్ చేసి, మళ్లీ పడుకునేవాణ్ణి. దొంగ సినిమాలు దింపుతున్నానని అమ్మ అనుమానం. అవేమో డబ్బులిచ్చి కొన్న గేములు, టారెంట్ లింకులు ఇచ్చింది కూడా అమ్మినవాళ్లే! ఇది చెప్తే మా ఫ్రెండ్స్ కూడా నమ్మలేదు.

అదే హంబుల్ బండిల్, గేములు కట్టగా కలిపి అమ్మే వెబ్‌సైట్. 2010 మేలో ఉల్ఫైర్ గేమ్స్ అనే చిన్న స్టూడియో వాళ్లు మొదలుపెట్టారు. వరల్డ్ ఆఫ్ గూ, ఆక్వేరియా, గిష్, లుగారు, పెనంబ్రా, ఈ అయిదూ కలిపి నీకు తోచినంత ఇవ్వు అన్నారు. తాళం లేని ఫైళ్లు, అంటే లాగిన్, నెట్ అక్కర్లేకుండా నడిచేవి, విండోస్‌కీ మ్యాక్‌కీ లినక్స్‌కీ కూడా. లక్షా ముప్పై ఎనిమిది వేల మంది పైగా కొన్నారు, 12 లక్షల డాలర్లు దాటింది. సగటున ఎక్కువ ఇచ్చింది లినక్స్ వాళ్లేనట, ఎప్పుడూ ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటూ తిరిగే బ్యాచ్!

నేను కొన్న మొదటిది అయిదో ఇండీ (చిన్న స్టూడియోల గేముల) బండిల్. లింబో, సైకోనాట్స్, ఆమ్నీషియా, అందరూ ఇచ్చిన సగటు కంటే ఒక్క సెంటు ఎక్కువిచ్చినా బాస్టియన్ కూడా. నా దగ్గర విదేశీ పేమెంట్లకి పనికొచ్చే కార్డు లేదు, బెంగళూరులో ఉన్న మా పెద్దనాన్నగారి అబ్బాయి కార్డు మీద 9 డాలర్లు, అప్పటికి అయిదొందల పైచిలుకు. కట్టే ముందు పేజీలో మూడు గీతలుంటాయి: గేము చేసినవాళ్లకి ఎంత, ఛారిటీకి ఎంత, హంబుల్‌కి ఎంత. ఒకటి లాగితే మిగతావి వాటంతటవే జరుగుతాయి. ఆ గీతలతో పావుగంట ఆడుకున్నాను. అవతల ఫోన్లో అన్నయ్య, "ఒరే, ఓటీపీ టైమైపోతోంది, త్వరగా నొక్కరా బాబూ" అని ఒకటే గోల.

తాళం లేని ఫైలు విలువ నాకు తెలిసింది 2018 అక్టోబర్లో. తిత్లీ తుఫాను 11వ తేదీ తెల్లవారుజామున పలాస వైపు తీరం దాటింది. కాశీబుగ్గలో పిన్ని వాళ్లింటికి రెండ్రోజుల తర్వాత వెళ్లాను. ఉద్దానం అంతా కొబ్బరి చెట్లూ జీడి చెట్లూ పడిపోయున్నాయి, కరెంటు లేదు, సిగ్నల్ లేదు. జనరేటర్ ఉన్నవాళ్ల దగ్గర డబ్బులిచ్చి ల్యాప్‌టాప్ ఒకసారి నింపుకొచ్చాం. పిల్లలు బిక్కమొహాలేసుకుని కూర్చుంటే ఏదైనా ఆడిద్దామని తీశాను. ఇంకో స్టోర్లో కొన్న గేము లాగిన్ అవ్వమని అడిగి అక్కడే కూర్చుంది. హంబుల్ నుంచి దింపి దాచుకున్న లింబో మాత్రం నొక్కగానే వచ్చింది. నల్లటి అడవి, నల్లటి పిల్లాడు, కళ్లు మాత్రం తెల్లగా. పిన్ని వెనక నుంచి తొంగిచూసి, "ఏటిరా ఇది, ఆటలో కూడా కరెంటు పోయిందేటి?" అంది. ఆ మూడు రోజుల్లో మేము నవ్వింది అప్పుడే.

కానీ నేను ఇలా మురిసిపోయే నాటికే కంపెనీ వేరే దారిలో చాలా దూరం పోయింది. నన్నడిగితే మలుపు 2012 నవంబర్లోనే, టీహెచ్‌క్యూ బండిల్‌తో. పెద్ద కంపెనీ గేములు, విండోస్‌కి మాత్రమే, ఫైళ్లు లేవు, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల స్టోర్లో కొట్టాల్సిన కోడ్‌లు, అంటే కీలు మాత్రమే. 50 లక్షల డాలర్లు వచ్చాయి (టీహెచ్‌క్యూ అదే ఏడాది డిసెంబర్లో దివాలా తీసింది, అది వేరే కథ). తర్వాతి ఏడాది ఈఏ అనే ఇంకో పెద్ద గేము కంపెనీ వాళ్ల ఆరిజిన్ బండిల్ కోటి డాలర్లు దాటింది, ఈఏ తన వాటా మొత్తం ఛారిటీకే ఇచ్చింది. మంచిపనే, కాదనను, నేనూ కొన్నాను. కాకపోతే అలా డబ్బులొచ్చాక చిన్న గేములూ, తాళం లేని ఫైళ్లూ మూలకి పోవడం మొదలైంది. 2015లో నెలకి 12 డాలర్లు కడితే నెలనెలా గేములిచ్చే మంత్లీ అనే చందా వచ్చింది. 2017లో హంబుల్‌ని గేముల వార్తల సంస్థ ఐజీఎన్ కొనేసింది, 2019లో వ్యవస్థాపకులిద్దరూ పక్కకి తప్పుకున్నారు.

మంత్లీ కాస్తా 2019 డిసెంబర్లో ఛాయిస్ అయింది. కొత్తవాళ్లకి పూర్తి ప్లాన్ 20 డాలర్లు, పాతవాళ్లకి క్లాసిక్ పేరుతో ఆ 12కే, మధ్యలో మానేయకపోతేనే. ఆ ఒక్క మాటకి రెండేళ్లు కట్టుకుంటూ పోయాను, మళ్లీ ఆ రేటు రాదేమోనని టెన్షన్. సగం కీలు గీకి కూడా చూడలేదు. 2021 అక్టోబర్లో ఆటో డెబిట్‌కి రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధన వచ్చాక నా కార్డు ప్రతి నెలా ఫెయిల్, బ్యాంకులో అడిగితే "సార్, మీరు ఏ బండిల్ అంటున్నారు?" అన్నారు. తంటాలు పడి క్లాసిక్ కాపాడుకున్నానా, 2022 ఫిబ్రవరిలో అందరికీ ఒకటే 11.99 డాలర్లు చేసేశారు. అదే దెబ్బకి ట్రోవ్ అనే తాళం లేని గేముల అర కూడా మూసేశారు, బదులుగా విండోస్‌కి మాత్రమే ఒక యాప్. మొదటి బండిల్‌లో అందరికంటే ఎక్కువిచ్చిన లినక్స్ వాళ్లకి దక్కిన మర్యాద అది!

ఆ గీతల సంగతీ చెప్పాలి. 2021 ఏప్రిల్లో వాటిని తీసేస్తామన్నారు, మామూలుగా కొంటే ఛారిటీకి 5 శాతం, కావాలంటే 15. జనం గట్టిగా తిట్టారు. జూలైలో వెనక్కి తగ్గి గీతలు ఉంచుతామన్నారు, హంబుల్ వాటా మాత్రం కనీసం 15 నుంచి 30 శాతం ఉండాల్సిందే అన్నారు. 2024 జూలైలో హంబుల్ గేమ్స్ పబ్లిషింగ్ విభాగంలో ఉన్న 36 మందినీ తీసేశారని వార్త వచ్చింది, సంస్థ దాన్ని పునర్వ్యవస్థీకరణ అంది.

కొనొచ్చా అంటే, కొనండి. స్టీమ్ కీలు చవకగా కావాలంటే ఇప్పటికీ మంచి బేరమే, నచ్చిన నెల తీసుకుని మిగతా నెలలు పాజ్ చేయండి, కీ రాగానే వాడేయండి, కొన్నిటికి గడువుంటుంది. పాత బండిళ్ల ఫైళ్లు మీ ఖాతాలో ఇంకా ఉంటే ఈ రాత్రే హార్డ్ డిస్కులోకి దింపుకోండి. నావి రెండు డిస్కుల్లో ఉన్నాయి, ఒకటి కాశీబుగ్గలో పిన్ని బీరువాలో.

మొన్న ఒక పుస్తకాల బండిల్ కొంటూ అలవాటు కొద్దీ గీత పట్టుకుని లాగాను. హంబుల్ వాటా 30 దగ్గర ఆగిపోయింది, ఎంత లాగినా ఇంక కిందకి రాలేదు.