కోస్ట్‌శాట్: హైదరాబాద్‌లో కూర్చుని ఉప్పాడ కోతను కొలిస్తే

ఉప్పాడ దగ్గర సముద్రం ఏడాదికి ఎంత లోపలికొస్తోందని అడిగితే ఠక్కున ఒక అంకె చెప్పేసేవాళ్లను నమ్మకండి. ఉపగ్రహ చిత్రాల నుంచి తీరం గీతను పట్టిచ్చే కోస్ట్‌శాట్ అనే సాధనాన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాక నేను గట్టిగా చెప్పగలిగేది ఇది. అలాగని సాధనం చెడ్డదేమీ కాదు. పైసా ఖర్చు లేదు, బాగా పనిచేస్తుంది కూడా.

మాది కాకినాడ వైపు. ఉద్యోగం హైదరాబాద్‌లో, మ్యాపుల పనే. మేముండే నిజాంపేటకు పక్కనే ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. సముద్రం లేని ఊళ్లో సముద్ర సమాచార కేంద్రమేంటని చుట్టాలు నవ్వుతుంటారు. చూసేది ఉపగ్రహమైనప్పుడు మనం ఏ ఊళ్లో ఉంటే ఏంటి?

కోస్ట్‌శాట్‌ను ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ వాళ్లు పైథాన్‌లో రాసి 2019లో అందరికీ ఇచ్చేశారు. గూగుల్ ఎర్త్ ఇంజిన్ అనే ఆన్‌లైన్ భండారంలో ఉన్న లాండ్‌శాట్ (అమెరికావి), సెంటినెల్-2 (యూరప్‌వి) ఉపగ్రహాల చిత్రాల నుంచి మనం గీసిన ముక్క వరకే తెచ్చుకుంటుంది కాబట్టి మామూలు లాప్‌టాప్ చాలు. లాండ్‌శాట్ 5తో లెక్క 1984 నుంచి మొదలవుతుంది, కానీ మన తీరానికి ఆ పాత చిత్రాలు పల్చగానే దొరుకుతాయి. లాండ్‌శాట్ 7కి 2003 మే నెలాఖరులో స్కానర్‌లో ఒక భాగం చెడిపోయింది, అప్పట్నుంచి బొమ్మల నిండా చారలే. 2015లో సెంటినెల్-2 వచ్చాక ప్రాణం లేచొచ్చింది: 10 మీటర్ల పిక్సెల్, 2017 నుంచి ఐదు రోజులకోసారి కొత్త చిత్రం. నీళ్లకూ ఇసుకకూ మధ్య అంచును కోస్ట్‌శాట్ పిక్సెల్ కంటే సన్నగా పట్టుకుని గీతగా ఇస్తుంది. అయినా 10 మీటర్లు అటూఇటూ తేడా ఉంటుందనే అనుకోవాలి. ఇన్‌స్టాల్ చేయడానికి ఒక సాయంత్రం పోతుంది, అంతే.

ఎక్కువ టైం తినేది ఆటుపోట్లు. లాండ్‌శాట్ అయినా సెంటినెల్ అయినా మన తీరం మీదుగా వెళ్లేది పొద్దున్నే పది, పదకొండు గంటల మధ్య. ఆ సమయానికి ఒకరోజు పోటు ఉంటుంది, ఇంకోరోజు ఆటు. 30 మీటర్లు నడిస్తే ఒక మీటరు దిగే బీచ్ అనుకోండి. నీటిమట్టం ఒక మీటరు పెరిగితే గీత 30 మీటర్లు లోపలికి జరిగినట్టు కనిపిస్తుంది. అసలు కోత ఏడాదికి రెండు మీటర్లే అయితే, పదిహేనేళ్ల కోత ఒక్క పూటలో జరిగిపోయినట్టన్నమాట! ‘అప్పుడు అలా, ఇప్పుడు ఇలా’ అంటూ వాట్సాప్‌లో తిరిగే రెండు బొమ్మల పోలికలు చూస్తే నాకు చిరాకు ఇందుకే. కోస్ట్‌శాట్‌లో ఈ తేడాను సరిదిద్దే వీలుంది. బీచ్ వాలును కూడా ఉపగ్రహ చిత్రాల నుంచే అంచనా వేస్తుంది. కాకపోతే ఏ సమయానికి నీటిమట్టం ఎంతో లెక్కగట్టే ఆటుపోట్ల మోడల్ ఫైళ్లు మనమే విడిగా తెచ్చుకోవాలి, అవి గిగాబైట్ల కొద్దీ ఉంటాయి.

మబ్బుల సంగతి వేరే. జూన్ నుంచి డిసెంబరు దాకా పనికొచ్చే చిత్రాలు తక్కువ. అలలు ఇసుకను లాక్కెళ్లేదేమో సరిగ్గా ఆ నెలల్లోనే. ఎండాకాలం చిత్రాల్లో, కొంత ఇసుక తిరిగి చేరాక, బీచ్ ఫొటోకి తయారైనట్టు ఉంటుంది. అందుకే నేను జనవరి నుంచి మే వరకున్న చిత్రాలను ఏడాదికేడాది పోల్చుకుంటాను. తుఫాను దెబ్బ ఎంతో తేల్చే పని దీనికి పెట్టను.

భీమిలి వైపు నల్ల ఇసుక ఉన్నచోట సెట్టింగ్స్‌లో ఇసుక రంగును ‘డార్క్’ అని మార్చుకోండి, లేకపోతే ఇసుకను ఇసుకగా గుర్తించదు. కోరింగ మడ అడవుల దగ్గర మాత్రం దీన్ని వాడడమే మానేశాను. అక్కడుండేది బురద, చెట్ల అంచు. ఇసుక తీరాల కోసం చేసిన సాధనం అక్కడేం చేస్తుంది?

ఇక ఉప్పాడ. అలలను ఆపడానికి అక్కడ జియోట్యూబ్ (ఇసుక నింపిన పొడవాటి గట్టి గుడ్డ గొట్టం) వేశారు, రాళ్లు పోశారు. గ్రాఫ్‌లో ఆ భాగం చూస్తే గీత తిన్నగా సాగిపోతుంది, కోత ఆగిపోయిందనే అనిపిస్తుంది. మా పెదనాన్నకు ఫోన్‌లో అదే చెబితే, “లెక్కలో సముద్రం ఆగిందంటున్నావు, మరి రోడ్డెందుకు పోయిందిరా?” అన్నాడు. ఆయన మాటే నిజం. తీరం గీత రాళ్లను దాటి రాలేదు కాబట్టి అక్కడే ఉంటుంది. గట్టు ముందు బీచ్ కరిగిపోవడం, అడుగున ఇసుక దిగిపోవడం, అలలు రాళ్ల మీంచి దూకి రోడ్డును కోసేయడం ఈ గీతకు తెలియవు. కోత గట్టు చివర్లకు జరుగుతుంది. కాబట్టి గట్టున్న భాగాన్నీ లేని భాగాన్నీ విడివిడిగా లెక్కేయాలి, కలిపి సగటు తీస్తే రెండూ చెడతాయి. ఇక కారణాలు, అంటే గోదావరి ఒండ్రును పైన ఆనకట్టలు ఆపేయడం, కాకినాడ ఎదుట ఉన్న ఇసుక దీవి హోప్ ఐలాండ్ పెరుగుదల, ఉత్తరానికి సాగే ఇసుకకు హార్బర్ కట్టడాలు అడ్డుపడడం, వీటిలో దేని వాటా ఎంతో ఈ సాధనం చెప్పదు.

గీతల నుంచి కోత వేగం లెక్కేయడానికి అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ల డీశాస్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. అందులో మొదటి గీత, చివరి గీత మాత్రమే చూసే పద్ధతి జోలికి వెళ్లకండి. అన్ని గీతలనూ తీసుకుని సగటు ధోరణి చూపే రిగ్రెషన్ వాడండి. దేశం మొత్తం పరిస్థితి కావాలంటే చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం (ఎన్‌సీసీఆర్) 1990-2018 మధ్య కాలానికి చేసిన అధ్యయనం ఉంది. దాని ప్రకారం తీరంలో దాదాపు మూడో వంతు కోతకు గురవుతోంది.

ఆఫీసులో ఎవరో ఒకరు భీమిలి, భోగాపురం వైపు ప్లాటు కొంటున్నామని, ఒక గ్రాఫ్ తీసిమ్మని అడుగుతూనే ఉంటారు. ఇవ్వను. 10 మీటర్ల తేడా ఉన్న గీతతో రెండొందల గజాల స్థలం భవిష్యత్తు ఎలా చెప్తాం? ముందు సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలి) మ్యాపులో హైటైడ్ లైన్, అంటే పోటు నీళ్లు చేరే హద్దు, ఆ ప్లాటుకు ఎటువైపు ఉందో చూసుకోండి, అడ్వాన్సు సంగతి తర్వాత.