పాత లారీకి ఎలక్ట్రిక్ ఫీడ్ పంపు: చాలాకాలం వాడాక

పొద్దున్నే ఇంజిన్ పక్కన దూరి హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టి డీజిల్ ఎక్కించే చిన్న పంపు) కొట్టే పీడ వదిలింది. ట్యాంకులోంచి ఇంజిన్‌కి డీజిల్ అందించే ఈ ఎలక్ట్రిక్ పంపు గురించి ఎవరడిగినా ముందు ఆ మాటే చెబుతాను. నాది బీఎస్-3 (పాత పొగ నిబంధనల కాలంనాటి) పది టైర్ల బండి, ఇంజెక్టర్లకి డీజిల్ కొట్టేది పాతరకం ఇన్‌లైన్ పంపు, విజయనగరం నుంచి సాలూరు మీదుగా కోరాపుట్‌కి సిమెంటు లోడు. రాత్రి ఆపితే తెల్లారేసరికి లైన్లో డీజిల్ వెనక్కి ట్యాంకులోకి దిగిపోయేది. సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు, అందులోనూ ట్యాంకు సగానికి తగ్గితే, బండి ఉన్నట్టుండి లాగడం మానేసేది. ఇప్పుడు తాళం తిప్పి బటన్ నొక్కితే టిక్ టిక్ మంటుంది, ఆ చప్పుడు కాస్త బరువెక్కగానే సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకి స్టార్టు.

ఇంకో మేలు కూడా చేసింది, అది నేను అనుకోనిది. అంతకుముందు, ఈ తిప్పలన్నిటికీ కారణమైన ఎయిర్ (గాలి) డీజిల్ లైన్లోకి ఎక్కడ పడుతోందో ఎవరికీ దొరకలేదు. ఒకరు ఇంజెక్టర్లన్నారు, ఒకరు టర్బో అన్నారు, ఫిల్టర్లు ఎన్నిసార్లు మార్చామో. కింద చూస్తే ఒక్క చుక్క కారదు. ఎలా కారుతుంది? ఇంజిన్ దగ్గరుండే మెకానికల్ పంపు అంత దూరం నుంచి డీజిల్ పీల్చుకుంటుంది, పీల్చే లైన్లో సందు ఉంటే గాలి లోపలికి పోతుందే తప్ప డీజిల్ బయటికి రాదు. కొత్త పంపుని ట్యాంకు పక్కనే, ట్యాంకు అడుగు కంటే కొంచెం కిందగా ఛాసిస్‌కి బిగించాం. అక్కణ్ణుంచి లైనంతా తోసే లైనైపోయింది. కొద్దిరోజులకే క్యాబిన్ కింద, స్టీలు పైపుకి రబ్బరు హోస్ తగిలించిన చోట, ఘాట్ రోడ్డు ఎర్రదుమ్ము తడిసి నల్లగా అంటుకుపోయి కనిపించింది. గుడ్డతో తుడిచి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా పంపు ఒక్కటే నడిపించి టార్చి వేసి చూస్తే, క్లిప్పు అంచున ఆవగింజంత చుక్క ఊరి, ఆగి, మళ్లీ ఊరుతోంది. క్లిప్పు విప్పితే దాని కింద హోస్ సన్నగా చీలి ఉంది. సాలూరు మెకానిక్ నవ్వి, ‘ఏటి బాబూ, ఈ గొట్టం ముక్కకేనా ఇంజెక్టర్లు విప్పించావు?’ అన్నాడు. విప్పమన్నవాళ్లలో తనూ ఉన్నాడు, అది వేరే సంగతి.

ఆ ముక్క మార్చి, పైపులు కలిపే యూనియన్ బోల్టుల దగ్గర కాపర్ వాషర్లు కొత్తవి వేశాక, పంపు ఫ్యూజు పీకేసి చూశాను. పొద్దున స్టార్టింగ్ అప్పటికీ బాగానే ఉంది. అంటే పైన పొగిడిన దాంట్లో సగం వాటా ఆ హోస్ ముక్కదే. ఘాట్‌లో సగం ట్యాంకుతో ఎక్కుతున్నప్పుడు మాత్రం పంపు ఉన్నదానికీ లేనిదానికీ తేడా తెలుస్తోంది.

ఫ్యూజు పీకినా బండి నడిచింది చూశారా, కొనేటప్పుడు అడగాల్సింది అదే. టిక్ టిక్ మనే రకంలో చాలావాటికి కరెంటు లేకపోయినా మెకానికల్ పంపు వాటిలోంచే డీజిల్ లాక్కుంటుంది. గిర్రున తిరిగే రకం ఆగిపోతే దారి మూసుకుపోవచ్చు, డీజిల్‌ని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వుతో పక్కన ఇంకో లైను వేయించుకోకపోతే ఘాట్‌లో దేవుడే దిక్కు. షాపులో నాకు పెట్రోలు కారు పంపు అంటగట్టబోయారు, అది 3 బార్ ఒత్తిడి దాకా తోస్తుంది, మన ఫీడ్ లైనుకి అంత అక్కర్లేదు. 24 వోల్టులదే తీసుకోండి, 12 వోల్టులది తెచ్చి ఒక్క బ్యాటరీ నుంచి కరెంటిస్తే ఆ బ్యాటరీ ముందే పోతుంది. పంపుకి ముందు నీళ్లు పట్టే ఫిల్టరు ఉండాలి. మరలకి టెఫ్లాన్ టేపు చుట్టనివ్వకండి, పీలికలు ఊడి లోపలికి పోతాయి. వైరింగు ఆయిల్ ప్రెషర్ స్విచ్ మీదుగా రిలేతో ఇప్పించాను, అంటే ఇంజిన్ ఆగి ఆయిల్ ఒత్తిడి పడిపోగానే పంపుకి కరెంటు ఆగిపోతుంది; స్టార్టింగుకి ముందు నడపడానికే ఆ బటన్. యాక్సిడెంటై ఇంజిన్ ఆగితే పంపూ ఆగాలి, లేకపోతే తెగిన పైపులోంచి రోడ్డంతా డీజిల్ పోస్తూనే ఉంటుంది.

నేనైతే ఈ పంపు తీసేయను. కానీ నాది పాత బండి, పైగా ఘాట్ రూటు. హైవే మీద శ్రీకాకుళం, పలాస వైపు తిరిగేవాళ్లు ముందు ఇంజిన్ దగ్గరి మెకానికల్ ఫీడ్ పంపు వద్ద లోపలి డీజిల్ కనిపించే ప్లాస్టిక్ గొట్టం ముక్క తగిలించి బుడగలు వస్తున్నాయేమో చూసుకోండి, వస్తుంటే పైపులు బాగుచేయించండి, పంపు సంగతి తర్వాత. మా బావ తన బీఎస్-6 బండికీ పెట్టిద్దామన్నాడు. అది కామన్ రైల్ (డీజిల్‌ని చాలా ఎక్కువ ఒత్తిడితో కొట్టే కొత్తరకం), వారంటీ ఉన్నంతకాలం డీజిల్ లైన్లో చెయ్యి పెట్టనివ్వకు బావా అన్నాను.