గేటు కెమెరాలో ముఖం గుర్తుపట్టాలంటే

బయట పెట్టే కెమెరాను నేను ఒకే ప్రశ్నతో తూస్తాను. అర్ధరాత్రి ఎవరైనా గేటు తీసుకుని లోపలికొస్తే, తెల్లారి ఫుటేజ్ చూసి ఆ మనిషి ఫలానా అని చెప్పగలమా? ఎవరో వచ్చారని తెలియడం వేరు, వచ్చిందెవరో తెలియడం వేరు. దొరికే కెమెరాల్లో దాదాపు అన్నీ మొదటి పని చేస్తాయి. రెండో పని చేసేవి తక్కువే. అవి కూడా సరైన లెన్స్‌తో, సరైన ఎత్తులో పెడితేనే చేస్తాయి.

మాకు కింద ప్రింటింగ్ వర్క్‌షాప్, పైన ఇల్లు. పేపర్ లోడ్లు దిగేదీ, కస్టమర్లు వచ్చేదీ, మేం తిరిగేదీ ఒకటే గేటు. దానికి ఎదురుగా గోడ మీద 4 మెగాపిక్సెల్ బుల్లెట్ కెమెరా (పొడవాటి గొట్టంలా ఉండేది) పెట్టించాను. 6 ఎంఎం లెన్స్, ఒకే నెట్‌వర్క్ కేబుల్ మీద కరెంటూ వీడియోనూ. వరండా కప్పు కింద 2.8 ఎంఎం డోమ్ (బోర్లించిన గిన్నెలా ఉండే కెమెరా) ఒకటి, వెనక గోడ మీద బ్యాటరీతో నడిచే వైఫై కెమెరా ఒకటి ఉన్నాయి. ఈ రివ్యూ ముఖ్యంగా ఆ బుల్లెట్ గురించే, మిగతా రెండూ పోల్చి చూడటానికి. కంపెనీ పేరు, మోడల్ నంబర్ రాయడం లేదు. మోడళ్లు త్వరత్వరగా మారిపోతాయి, లోపల ఒకే సరుకు ఉండి పైన పేర్లు మారేవీ ఉన్నాయి. డబ్బా మీద ఏం చదవాలో తెలిస్తే పేరుతో పెద్దగా పని లేదు.

చదవాల్సిన మొదటి అంకె లెన్స్‌ది. అందరూ మెగాపిక్సెల్ చూస్తారు, లెన్స్ ఎన్ని ఎంఎం అని అడిగేవాళ్లు చాలా తక్కువ. 2.8 ఎంఎం లెన్స్ అడ్డంగా సుమారు 100 డిగ్రీలు చూపిస్తుంది. ఆవరణంతా ఒక్క ఫ్రేములో కనిపిస్తుంది కాబట్టి కొన్న రోజు చాలా బాగుందనిపిస్తుంది. కానీ అంత వెడల్పు మీద ఉన్న పిక్సెళ్లన్నీ పరుచుకుపోతాయి, మనిషి ముఖం వంతుకు వచ్చేవి కొన్నే. నిఘా కెమెరాలకు ఐఈసీ 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని 2014 నాటి లెక్కలో ముక్కూ మొహం తెలియని కొత్త మనిషిని గుర్తించాలంటే మీటరు వెడల్పుకి 250 పిక్సెళ్లు ఉండాలన్నారు. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 చాలు. అక్కడో మనిషి ఉన్నాడని తెలియడానికి 25 సరిపోతాయి.

ఆ 250ని పట్టుకుని లెక్క వేయండి. 1080పీ కెమెరాకి అడ్డంగా 1920 పిక్సెళ్లు. 2.8 ఎంఎం లెన్స్‌తో అది ముఖం పట్టగలిగేది సుమారు 3 మీటర్ల వరకే. అదే లెన్స్‌తో 4కే కెమెరా పెట్టినా, 3840 పిక్సెళ్లతో, ఆరున్నర మీటర్లు దాటదు. నా బుల్లెట్‌ది 2560 పిక్సెళ్లే. కానీ 6 ఎంఎం లెన్స్ చూసేది 50 డిగ్రీల చిల్లర కాబట్టి 10 మీటర్ల దాకా ఆ లెక్క నిలబడుతుంది. మా గేటు కెమెరాకి 8 మీటర్ల దూరం. అంటే ఎక్కువ మెగాపిక్సెల్ ఉన్న 4కే కెమెరా వెడల్పు లెన్స్‌తో చేయలేని పనిని, తక్కువ మెగాపిక్సెల్ ఉన్నది సరైన లెన్స్‌తో చేస్తోంది. ఇది తెలిశాక షోరూములో టీవీ మీద చూపించే అందమైన వెడల్పాటి బొమ్మ మీద నాకు మోజు పోయింది.

ఇవన్నీ పగటి లెక్కలు. రాత్రి కథ వేరు.

చీకట్లో కెమెరా ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్, కంటికి దాదాపు కనపడని వెలుగు) ఎల్‌ఈడీలు వెలిగించుకుని బ్లాక్ అండ్ వైట్‌లోకి మారుతుంది. సాయంత్రం చీకటి పడే వేళ దగ్గర నిలబడితే లోపల ఫిల్టర్ జరిగిన చిన్న టిక్ శబ్దం వినపడుతుంది. ఎక్కువ కెమెరాల్లో ఉండేవి 850 నానోమీటర్ల ఎల్‌ఈడీలు. కెమెరా వైపు చూస్తే ఎర్రటి చుక్కలు లీలగా కనిపిస్తాయి. 940 నానోమీటర్లవి కంటికి కనపడవు, కానీ వాటి వెలుగు అంత దూరం పోదు. గేటుకి నేను 850నే ఎంచుకున్నాను. అక్కడ కెమెరా ఉందని తెలియడం నాకు మంచిదే.

డబ్బా మీద "30 మీటర్ల నైట్ విజన్" అని రాసి ఉంటుంది. 30 మీటర్ల దూరంలో ఏదో కదిలితే కనపడుతుందని దానర్థం, ముఖం తెలుస్తుందని కాదు. ఇంకో సంగతి, లైవ్‌లో చూస్తే రాత్రి బొమ్మ బాగానే ఉంటుంది, ఎందుకంటే గోడలూ గేటూ కదలవు. ప్లేబ్యాక్‌లో నడిచే మనిషి దగ్గర పాజ్ చేసి చూడండి. మా బుల్లెట్ బిగించిన కొత్తలో గేటు పలకల మీద రివెట్లు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉండేది, దాన్ని తెరుచుకుని వచ్చే మనిషి ముఖం మాత్రం తడి వేలితో రుద్దిన సిరాలా ఉండేది. కారణం షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి కెమెరా వెలుగు తీసుకునే సమయం. వెలుగు చాలనప్పుడు ఆటోలో ఉన్న కెమెరా షట్టర్‌ని నెమ్మది చేసేసుకుంటుంది. కదలనిది బాగా వస్తుంది, కదిలేది చెదిరిపోతుంది. సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోజర్‌ని మాన్యువల్‌కి మార్చి, షట్టర్‌ని సెకనులో అరవయ్యో వంతు (1/60) దగ్గర కట్టేస్తే ముఖం నిలబడింది. బొమ్మ కాస్త చీకటిగా, ఇసుక చల్లినట్టుగా వస్తుంది, అయినా కళ్లూ ముక్కూ గడ్డమూ తెలుస్తాయి. నాకు కావలసింది అదే. ఈ సెట్టింగ్ ఇవ్వని కెమెరాని గేటుకి నేను సిఫార్సు చేయను. బ్యాటరీ కెమెరాల యాప్‌లలో ఇది చాలావరకు ఉండదు.

దీనికంటే సులువైన మార్గం కూడా ఉంది, వెలుగు పెంచడం. గేటు స్తంభం మీద మామూలు ఎల్‌ఈడీ బల్బు ఒకటి రాత్రంతా వెలుగుతుంటే, కెమెరా రంగుల్లోనే ఉంటుంది. చొక్కా ఎరుపో నీలమో తెలుస్తుంది. రాత్రి కూడా రంగులు చూపించే కెమెరాలంటూ వచ్చేవి ఎఫ్/1.0 లెన్స్ వాడుతుంటాయి. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. ఎఫ్/2.0 లెన్స్ కంటే అది నాలుగు రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి రానిస్తుంది. చుట్టుపక్కల కాస్తయినా వెలుతురు ఉంటే అవి నిజంగానే బాగుంటాయి. సెన్సర్ సైజు కూడా చూడండి, 1/1.8 అంగుళం సెన్సర్ 1/2.7 కంటే పెద్దది. చిన్న సెన్సర్ మీద 8 మెగాపిక్సెళ్లు కుక్కితే రాత్రి పూట నష్టమే.

ఎత్తు గురించి బిగించేవాళ్లతో గట్టిగా మాట్లాడాలి. కెమెరాని ఎవరూ అందుకోకూడదని పై అంతస్తు అంచున పెడతారు. అక్కడి నుంచి నడినెత్తి కనిపిస్తుంది, టోపీ పెట్టుకుంటే అదీ లేదు. మా ఇంటికొచ్చిన టెక్నీషియన్ కూడా అక్కడే డ్రిల్ పెట్టబోతే ఆపి, మూడు మీటర్ల కంటే తక్కువలో పెట్టించాను. ఎవరైనా కర్రతో కెమెరాని తిప్పేస్తారేమోనన్న భయం సబబే. అందుకే వరండాలోని డోమ్ గేటు కెమెరానే చూస్తూ ఉంటుంది. ఒకదాన్ని ముట్టుకోవాలంటే రెండోదాని కంట్లో పడాలి. చేతికందే ఎత్తు తప్పనిసరైతే ఐకే10 రేటింగ్ ఉన్న డోమ్ తీసుకోండి, 20 జౌళ్ల దెబ్బకి తట్టుకునేలా పరీక్షించినవి అవి. అయితే డోమ్ మీది ప్లాస్టిక్ కవరు మురికిపడినా గీతలు పడినా రాత్రి ఐఆర్ వెలుగు అందులోనే తిరగబడి బొమ్మంతా పొగ కమ్మినట్టవుతుంది. ఎండావానా తగిలే చోట బుల్లెటే నయం.

వానంటే గుర్తొచ్చింది. ఐపీ66 అంటే దుమ్ము దూరదు, జోరుగా కొట్టే నీటిధారకి తట్టుకుంటుంది. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి నీరు పోదు. బయట కెమెరాకి ఏదైనా చాలు. అసలు నీళ్లు దూరేది కెమెరా లోపలికి కాదు, వెనక వేలాడే కనెక్టర్లోకి. టేపు చుట్టి వదిలేస్తే లోపలి పిన్నులు పచ్చగా చిలుము పట్టి, బొమ్మ ఒకరోజు వస్తూ ఒకరోజు పోతూ ఉంటుంది. కనెక్టర్‌ని జంక్షన్ బాక్స్‌లో పెట్టించండి. కేబుల్ గోడలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు ఇస్తే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

కేబుల్ మీద కరెంటు ఇచ్చే పీఓఈ పద్ధతికి నేను పూర్తిగా ఓటేస్తాను. కెమెరా కేబుళ్లన్నీ వచ్చి చేరే నెట్‌వర్క్ స్విచ్ ఒక్కో పోర్టుకి 15.4 వాట్ల దాకా ఇస్తుంది, మామూలు బుల్లెట్‌కి అది ఎక్కువే. 100 మీటర్ల వరకు కేబుల్ లాగొచ్చు. స్విచ్‌కీ, ఫుటేజ్ దాచే రికార్డర్‌కీ కలిపి ఒక యూపీఎస్ పెడితే కరెంటు పోయినా అన్ని కెమెరాలూ నడుస్తాయి. కేబుల్ మాత్రం పూర్తి రాగిది అడగండి. అల్యూమినియం మీద రాగి పూత వేసినవి చవక, దూరం పెరిగితే కెమెరా దాకా కరెంటు సరిగా చేరదు.

ఇక వెనక గోడ మీది బ్యాటరీ కెమెరా. అక్కడికి కేబుల్ లాగే దారి లేదు కాబట్టి పెట్టాను, దానితో నాకు పేచీ ఉంది. అది ఎప్పుడూ నిద్రలో ఉంటుంది. ఒంటి వేడి కదలికను సెన్సర్ పసిగట్టాక లేచి రికార్డింగ్ మొదలుపెడుతుంది. ఈ సెన్సర్లు తమ ముందు అడ్డంగా దాటే మనిషిని తొందరగా పడతాయి, తిన్నగా ఎదురొచ్చే మనిషిని ఆలస్యంగా పడతాయి. ఎండ మండిపోయే వేళ గాలి వేడీ ఒంటి వేడీ దగ్గరవడంతో ఇంకా తడబడతాయి. ఫలితంగా క్లిప్ మొదలయ్యేసరికి మనిషి సగం దాటిపోయి ఉంటాడు, వీపు మాత్రమే దొరుకుతుంది. నడక దారికి అడ్డంగా చూసేలా పక్కకి తిప్పాక కొంత మెరుగుపడింది. అద్దె ఇంటికో, గోడకి రంధ్రాలు వేయలేని చోటికో ఇది పనికొస్తుంది. సరుకు ఉండే చోట దీన్ని నమ్ముకోవద్దు.

రికార్డింగ్‌కి ఎంత డిస్క్ కావాలో ముందే లెక్కేసుకోండి. సెకనుకి 4 మెగాబిట్ల చొప్పున రాసే కెమెరా రోజుకి సుమారు 43 జీబీ నింపుతుంది. ఒక టెరాబైట్ దానికి ఇరవై మూడు రోజులు వస్తుంది. కెమెరాలు రెండైతే రోజులు సగం. వీడియోని కుదించే పద్ధతి పాత హెచ్.264 బదులు హెచ్.265 పెట్టుకుంటే అదే నాణ్యత దాదాపు సగం జాగాలో ఇముడుతుంది. నేను గేటుకి ఇరవై నాలుగు గంటల రికార్డింగే పెట్టాను. కదలిక ఉన్నప్పుడే రాయమంటే ఒక్కోసారి అసలు క్షణమే జారిపోతుంది. రికార్డర్‌లో గడియారం ఆటోమేటిక్‌గా సరిదిద్దుకునేలా పెట్టడం మరిచిపోవద్దు, ఫుటేజ్ ఎవరికైనా చూపించాల్సి వస్తే మొదట అడిగేది టైమే.

నోటిఫికేషన్ల టెన్షన్ గురించి చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తికాదు. ఐఆర్ వెలుగుకి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది. లెన్స్ అంచున ఒక్క పోగు అల్లితే చాలు, రాత్రి అది తెరకి అడ్డంగా తెల్లటి తాడులా మెరుస్తుంది. గాలికి ఊగినప్పుడల్లా ఫోన్ మోగుతుంది. మనిషినీ బండినీ వేరుగా గుర్తించే సౌకర్యం ఉన్న కెమెరా అయితే ఈ గోల చాలా తగ్గుతుంది. మా బుల్లెట్‌లో అది ఉంది, బాగానే పనిచేస్తుంది. అయినా మెత్తటి బ్రష్‌తో అప్పుడప్పుడూ దులపాల్సిందే. దీని యాప్ మాత్రం నాకు నచ్చలేదు. ప్లేబ్యాక్‌లో వెనక్కి జరిపితే తెరుచుకోవడానికి చాలాసేపు తీసుకుంటుంది. రికార్డర్‌కి మానిటర్ పెట్టుకుని చూస్తే ఆ బాధ లేదు.

పాస్‌వర్డ్ విషయంలో బద్ధకించకండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాం) ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ రికార్డర్లనూ పెద్ద సంఖ్యలో లొంగదీసుకుంది. అక్టోబరులో వాటితోనే, వెబ్‌సైట్ పేరు కొడితే దాని చిరునామా వెతికిపెట్టే డిన్ అనే కంపెనీ సర్వర్ల మీద దాడి జరిగి పెద్ద పెద్ద వెబ్‌సైట్లు ఆగిపోయాయి. పొడవాటి పాస్‌వర్డ్ పెట్టండి, రూటర్‌లో కెమెరా కోసం పోర్టులు (ఇంటర్నెట్ నుంచి నేరుగా లోపలికొచ్చే దారులు) తెరవమంటే ఒప్పుకోకండి, ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చే కంపెనీదే కొనండి. డబ్బా మీద ఆన్‌విఫ్ గుర్తు ఉంటే రేపు వేరే కంపెనీ రికార్డర్‌తో కూడా కలపొచ్చు. నెలనెలా డబ్బు కడితేనే పాత క్లిప్పులు చూపిస్తామనే కెమెరాలు నాకు సమ్మతం కాదు.

మా గేటు ఫ్రేములో ఎదురింటివాళ్ల కిటికీ ఒక మూల పడేది. ప్రైవసీ మాస్క్ అని సెట్టింగ్ ఉంటుంది, దానితో ఆ మూల నల్లగా కప్పేశాను, వాళ్లని పిలిచి చూపించాను కూడా. మైక్ ఆపేశాను. వర్క్‌షాప్‌లో పనిచేసేవాళ్లకి ఎక్కడెక్కడ కెమెరాలున్నాయో బోర్డు రాసి పెట్టాం.

కొనేది ఏదైనా, గోడకి రంధ్రం వేయకముందే రాత్రి పూట ఒకసారి పరీక్షించండి. కెమెరాని అనుకున్న చోట తాత్కాలికంగా కట్టి, మా తమ్ముణ్ని గేటు దగ్గర నుంచి మామూలుగా నడిచి రమ్మన్నాను, తర్వాత టోపీతో, తర్వాత బండి మీద హెడ్‌లైట్ వేసుకుని. బండి వచ్చినప్పుడు తెరంతా తెల్లబడిపోయింది. కెమెరాని రెండడుగులు పక్కకి జరిపి, హెడ్‌లైట్ సూటిగా కొట్టని కోణం దొరికాకే స్క్రూలు బిగించాం.