పాత ప్రశ్నపత్రాలతో మూడేళ్లు: సీశాట్ పాసేజీల సాధనపై ఒక సమీక్ష

సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపరైన సీశాట్‌లో పాసేజీ ప్రశ్నల (ఒక పేరా ఇచ్చి దాని మీద అడిగే ప్రశ్నల) సాధనకు నేను మూడేళ్లపాటు ప్రధానంగా వాడినవి యూపీఎస్సీ పాత ప్రశ్నపత్రాలు. కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగానే దొరికే ఈ పత్రాలను 2022 చివర్లో హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించుకున్నాను. అప్పటికి 2011 నుంచి 2022 దాకా పన్నెండు పేపర్లు ఉండగా, తరువాత 2023, 2024 పేపర్లు కూడా వాటిలో చేరాయి. వీటికి తోడుగా ఒక కోచింగ్ సంస్థ టెస్ట్ సిరీస్, ఆంగ్ల దినపత్రికల సంపాదకీయాలు, ఎంబీఏ ప్రవేశ పరీక్షల కోసం తయారైన ఒక పుస్తకం కూడా వాడి చూశాను కనుక, పాత పేపర్ల గురించి చెప్పేది పోల్చి చూసి చెబుతున్నదే.

పరీక్ష సంగతి తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. సీశాట్‌లో 80 ప్రశ్నలకు 200 మార్కులు, రెండు గంటల సమయం. ఒప్పుకు 2.5 మార్కులు, తప్పుకు అందులో మూడో వంతు కోత. 2011లో మొదలైన ఈ పేపరు 2015 నుంచి అర్హత పేపరుగా మారింది కాబట్టి 66 మార్కులు వస్తే చాలు, కానీ అవి రాకపోతే పొద్దున రాసిన జనరల్ స్టడీస్ (జీఎస్) పేపరు ఎంత బాగా రాసినా లెక్కలోకి రాదు. ఇటీవలి పేపర్లలో పాసేజీ ప్రశ్నలు 26 నుంచి 30 దాకా, అంటే సుమారు మూడో వంతు ఉంటున్నాయి. తరువాతి దశైన మెయిన్స్ తెలుగులో రాసుకోవచ్చు గానీ ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లిషు, హిందీల్లో మాత్రమే వస్తుంది. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివిన నాలాంటివారికి మొదటి భయం అక్కడే పుడుతుంది.

ఆ భయం నన్ను ఏడాదిపాటు తప్పుదారి పట్టించింది. నా కష్టమంతా ఇంగ్లిషు పదాలతోనే అనుకుని, రోజూ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో సంపాదకీయాలు చదువుతూ, తెలియని ప్రతి మాటకూ అర్థం రాసుకుంటూ రెండు నోటుపుస్తకాలు నింపాను. 2023 మే 28న పరీక్ష రాశాను. మరుసటి ఏడాది తుది ఫలితాల తరువాత మార్కులు చూసుకుంటే జీఎస్ కటాఫ్ దాటాను, సీశాట్‌లో మాత్రం 63.33 దగ్గర ఆగిపోయాను. మొత్తం 52 ప్రశ్నలు చేస్తే 32 ఒప్పు, 20 తప్పు. అందులో పాసేజీ ప్రశ్నలు 27 చేస్తే ఒప్పయినవి 13 మాత్రమే. తప్పయిన వాటిలో ఒక నాలుగింటిని ముట్టుకోకుండా వదిలేసి ఉంటే 66.67తో గట్టెక్కేదాన్ని. అంత చదివి, జవాబు పత్రంలో కేవలం నాలుగు బబుల్స్ నింపినందుకు ఒక ఏడాది పోయింది.

జవాబుల కీ దగ్గర పెట్టుకుని ఆ 14 తప్పులనూ వరసగా చూసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసిన విషయం, వాటిలో పదం అర్థం కాక పోయినవి రెండే. మిగతా అన్నిటిలో పాసేజీ నాకు పూర్తిగా అర్థమైంది, అయినా సమాధానం తప్పింది. హాస్టల్‌లో నా గదిలోనే ఉండే అక్క చిన్నప్పటి నుంచీ ఇంగ్లిషు మీడియం, పైగా బీటెక్. ఆమె పేపరు కూడా తీసి చూస్తే నేను తప్పిన చోట్లలో సగానికి పైగా ఆమె కూడా తప్పింది. అంటే ఇది భాషకు సంబంధించిన జబ్బు కాదు.

ఆ జబ్బు ఏమిటో చూపించడానికి ఆ మూసలోనే నేను అల్లిన ఒక చిన్న పాసేజీ ఇస్తున్నాను. 'చెరువుల్లో పూడిక తీస్తే వాటిలో నీరు నిలిచే సామర్థ్యం పెరుగుతుంది. అయితే ఆయకట్టు రైతులు నిర్వహణ బాధ్యత తీసుకోని చోట, పూడిక తీసిన చెరువులు కొన్నేళ్లకే మళ్లీ పూడిపోయాయి. బాధ్యత తీసుకున్న చోట మాత్రం ఆ ప్రయోజనం నిలిచింది.' దీని నుంచి తేలే అత్యంత తార్కికమైన విషయం ఏది? ఒకటి, పూడికతీతకు ప్రభుత్వం మరిన్ని నిధులు ఇవ్వాలి. రెండు, భూగర్భ జలాలు తగ్గడానికి విచ్చలవిడి బోర్లే కారణం. మూడు, చెరువు బాగుచేత ఫలితం నిలవడానికి దాన్ని వాడుకునేవారి పాత్ర ముఖ్యం. నాలుగు, పూడికతీత వృథా ఖర్చు.

ప్రశాంతంగా కూర్చుని చూస్తే మూడోదే జవాబని ఎవరైనా చెబుతారు. కానీ మాది నల్లగొండ జిల్లా పల్లె. ఆరు వందల అడుగులు తవ్వినా చుక్క పడని బోర్లను కళ్లారా చూసినదాన్ని, అప్పులపాలైన వాళ్ల పేర్లు తెలిసినదాన్ని. పైగా ఆ వారమే 2015లో తెలంగాణలో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ గురించి నోట్సు రాసుకుని ఉంటాను. పరీక్ష హాల్లో రెండో ఆప్షన్ కనబడగానే 'ఇది నిజం' అని మనసు ఎగిరి గంతేస్తుంది. అది నిజమే. కానీ పాసేజీలో బోరు అన్న మాటే లేదు. మొదటి ఆప్షన్ కూడా అంతే. మంచి మాటే, పరిపాలనకు పనికొచ్చే మాటే, మెయిన్స్ జవాబులో రాస్తే మార్కులొచ్చే మాటే, కానీ ఈ రచయిత నిధుల ఊసే ఎత్తలేదు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా తెలిసినదంతా తవ్వి తీసి జవాబు పెట్టిన బుర్రే, మధ్యాహ్నం రెండున్నరకు తెలిసినదంతా పక్కన పెట్టి కాగితం మీద ఉన్నంతవరకే చూడాలి. జీఎస్ ఎంత బాగా చదివితే పాసేజీల్లో అంత తప్పే ప్రమాదం ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడే పాత పేపర్ల విలువ తెలిసింది. ఆ సంగతి గమనించాక వాటిని మళ్లీ మొదటి నుంచి తిరగేస్తే, తప్పు ఆప్షన్లను పేపరు తయారుచేసినవారు ఎంత శ్రద్ధగా నేశారో కనిపించింది. వ్యవసాయం, వాతావరణం, బ్యాంకులు, ప్రజాస్వామ్యం, పోషకాహారం వంటి అభ్యర్థికి తెలిసిన విషయాల మీదే పాసేజీ ఇచ్చి, అభ్యర్థికి తెలిసిన నిజాన్నే ఒక ఆప్షన్‌గా పెట్టి పక్కన కూర్చుంటారు. టెస్ట్ సిరీస్‌లో ఈ నేత పని ఉండదు. నేను డబ్బు కట్టిన సంస్థ ఇచ్చిన పాసేజీలు పత్రికల నుంచి ఎత్తిన పొడుగాటి పేరాలు, కఠినమైన పదాలతో నిండినవి. ఆప్షన్లలో మూడు చూడగానే తేలిపోయేవి, లేదా రెండు ఒకే అర్థంతో ఉండేవి. కీలో వివరణ అడిగితే, 'పాసేజీని బట్టి ఇదే సరైనది' అన్న వాక్యం ఉండేది. ఎందుకు సరైనదని అడిగితే మళ్లీ అదే వాక్యం. పదిహేను టెస్టులు రాశాక మిగిలినవి తెరవకుండానే అటక ఎక్కించాను. ఎంబీఏ పుస్తకం అలా కాదు, దాని నాణ్యత బాగుంది, కానీ అందులో పాసేజీలు పొడుగ్గా ఉండి ఒక్కోదానికి నాలుగైదు ప్రశ్నలు ఉంటాయి. మన పరీక్షలో ఇప్పుడు చిన్న పాసేజీకి ఒకటో రెండో ప్రశ్నలు మాత్రమే. పరుగు పందేనికి ఈత నేర్చుకున్నట్టు అయింది.

పాత పేపర్లలో కూడా అన్నీ ఒకటి కావు. 2011 నుంచి 2014 దాకా వచ్చినవి వేరే కాలానివి. అప్పటి పాసేజీలు కొన్ని పొడుగు, అందులోనూ హిందీ అనువాదం లేకుండా ఇంగ్లిషు పరిజ్ఞానాన్ని పరీక్షించడానికే ఇచ్చిన సులువైన పాసేజీలు కొన్ని ఉంటాయి. 2014లో ఢిల్లీలో అభ్యర్థుల ఆందోళనకు దారితీసిన అభ్యంతరాల్లో ఆ భాగం కూడా ఒకటి. వాటితో మొదలుపెట్టడం మంచిదే, ధైర్యం వస్తుంది. కానీ వాటిలో వచ్చిన మార్కులు చూసి సిద్ధమైపోయామనుకుంటే దెబ్బ తింటారు, నేను తిన్నాను. అసలు సాధన 2015 తరువాతి పేపర్లతోనే.

మూడేళ్లలో నన్ను ఎక్కువ బాధపెట్టిన లోపం, ఇవి అయిపోతాయి. అన్నీ కలిపితే పాసేజీ ప్రశ్నలు నాలుగు వందలకు అటూ ఇటూగా ఉంటాయి. మొదటి ఏడాది నేను ఆకలిగొన్నట్టు రోజుకు ముప్పై చొప్పున చేసి రెండు వారాల్లో పని ముగించాను. రెండో ఏడాది మళ్లీ తెరిస్తే పాసేజీ మొదటి వాక్యం చదవగానే జవాబు 'సి' అని గుర్తొచ్చేది. అందుకని రెండోసారి పద్ధతి మార్చాను. జవాబు గుర్తించడం మానేసి, మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు కావో ఒక్కొక్కదానికి ఒక్కో ముక్క తెలుగులో రాయడం మొదలుపెట్టాను: 'బయటి నిజం', 'సగమే పాసేజీలో ఉంది', 'రచయిత కొన్ని అన్నాడు, ఇది అన్నీ అంటోంది', 'కారణాన్నీ ఫలితాన్నీ తిరగేసింది'. జవాబు గుర్తున్నా ఈ పని తేలికవదు. రోజుకు ఆరు ప్రశ్నలకు మించి చేయలేకపోయేదాన్ని. ఒక పేపరుకు ఐదు రోజులు పట్టేది. అలా చేసిన ఆరు నెలల్లో నేర్చుకున్నది అంతకు ముందు ఏడాదిన్నరలో నేర్చుకోలేదు.

అజంప్షన్, ఇన్‌ఫరెన్స్ అని పాసేజీ ప్రశ్నల్లో అడిగే రెండు మాటల మధ్య తేడా కూడా ఆ రాతలోనే తేటపడింది. వీటికి తెలుగులో పుస్తక పదాలు వెతుక్కుంటే ఇంకా తికమక అవుతుంది. మా అమ్మ 'పాలు పొయ్యి మీద పెట్టాను, కాస్త చూస్తూ ఉండు' అంటుంది. ఎవరూ చూడకపోతే పాలు పొంగిపోతాయన్నది ఆమె పైకి అనకుండానే ముందే అనుకున్న మాట. అది లేకపోతే ఆమె చెప్పినదానికి అర్థమే లేదు. అది అజంప్షన్. ఆమె ఇప్పుడు ఆ పాల దగ్గర ఉండే వీలు లేదన్నది ఆ మాట విన్నాక మనకు తేలే సంగతి. అది ఇన్‌ఫరెన్స్. ఒకటి మాటకు ముందు ఉండేది, ఇంకొకటి మాట తరువాత వచ్చేది. ప్రశ్నలో ఏది అడిగారో చూడకుండా జవాబు పెట్టి పోగొట్టుకున్నవి 2023లో నాకు మూడున్నాయి.

కోచింగుల్లో చెప్పే ఒక చిట్కా గురించి కూడా చెప్పాలి. 'ఓన్లీ', 'ఆల్వేస్', 'ఆల్' వంటి మాటలున్న ఆప్షన్లు కొట్టేయమంటారు. ఎక్కువసార్లు పనిచేస్తుంది. కానీ పాసేజీలోనే రచయిత అంత గట్టిగా చెప్పిన సందర్భాలున్నాయి. ఆ చిట్కాను నమ్ముకుని సరైన జవాబునే కొట్టేసినవి నా పుస్తకంలో ఏడెనిమిది ఉన్నాయి. మాట గట్టిదా మెత్తదా అని చూడటం కన్నా, పాసేజీ ఎంత గట్టిగా చెప్పిందో ఆప్షన్ కూడా అంతే గట్టిగా చెప్పిందా అని చూడటం మేలు.

కీ విషయంలో జాగ్రత్త అవసరం. నేను వాడిన ఏడాదుల పేపర్లకు కమిషన్ అధికారిక కీని ఆ ఏటి పరీక్ష ప్రక్రియ మొత్తం ముగిశాకే ఇచ్చింది. ఈలోపు పరీక్ష రోజు సాయంత్రమే వచ్చే ప్రైవేటు కీలు పాసేజీ ప్రశ్నల దగ్గర ఒకదానితో ఒకటి పొసగవు. లెక్కల ప్రశ్నకు రెండు జవాబులు ఉండవు గనుక అక్కడ గొడవ లేదు. ఇక్కడ మాత్రం తప్పు కీతో సాధన చేస్తే తప్పు చదువే అలవాటవుతుంది. అధికారిక కీనే వాడండి. అది కూడా నూటికి నూరుపాళ్లు మింగుడు పడుతుందని చెప్పను. మూడేళ్ల తరువాత కూడా ఒక అరడజను ప్రశ్నలకు కమిషన్ ఇచ్చిన జవాబు ఎందుకు సరైనదో నాకు బోధపడలేదు. వాటి పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను.

సమయం గురించి రెండు మాటలు. ప్రశ్నకు సగటున నిమిషంన్నర వస్తుంది, పాసేజీకి అది చాలదు. నేను ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగు చేసుకుంటూ చదివేదాన్ని, అందుకే మూడు నిమిషాలు దాటేది. అలా కాకుండా పాసేజీ మొత్తం చదివి, రచయిత చివరికి ఏమంటున్నాడో ఒకే తెలుగు వాక్యంలో చెప్పుకోవడం అలవాటు చేసుకున్నాక రెండు నిమిషాలకు దిగింది. ఇంకొకటి, సాధనంతా పొద్దున తేలికైన బుర్రతో చేస్తూ, పరీక్ష మాత్రం ఎండాకాలం మధ్యాహ్నం రాయడం వల్ల నష్టపోయాను. 2024లో చివరి రెండు నెలలు పెరుగన్నం తిని, నిద్ర ముంచుకొచ్చే రెండున్నరకే పేపరు ముందేసుకుని కూర్చున్నాను.

ఫలితం చెప్పకుండా సమీక్ష రాయడం న్యాయం కాదు. 2024 జూన్ 16న జరిగిన పరీక్షలో పాసేజీ ప్రశ్నలు 22 మాత్రమే చేస్తే 19 ఒప్పయ్యాయి. అంటే ఆ భాగం నుంచే 45 మార్కులు. అంతకు ముందు ఏడాది 27 చేసి తెచ్చుకున్నది 21 కూడా కాదు. ఆ ఏడాది సీశాట్ సులువుగా దాటి జీఎస్‌లో ఆగిపోయాను, అది వేరే ఏడుపు. 2025లో రెండూ దాటాను.

లెక్కల్లో బలంగా ఉన్నవారికి ఇంత శ్రమ అక్కర్లేదు, నాలుగైదు పేపర్లు చాలు. లెక్కలంటే వణికే ఆర్ట్స్ విద్యార్థులు మాత్రం పాసేజీల మీదే ఆధారపడాలి గనుక వీటిని పొదుపుగా వాడుకోవాలి, కనీసం రెండు పేపర్లను చివరి నెల కోసం విప్పకుండా ఉంచుకోవాలి.

ప్రింటు తీయించేవారు రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఈ పత్రాలు రెండు భాషల్లో ఉంటాయి కనుక హిందీ అవసరం లేనివారు ఆ పేజీలు తీసేయమని షాపులో ముందే చెబితే ఖర్చు సగానికి తగ్గుతుంది. అలాగే కాగితానికి ఒకవైపే ప్రింటు తీయించండి. నేను డబ్బు మిగులుతుందని రెండువైపులా తీయించి, కారణాలు రాయడానికి చోటు లేక అంచుల్లో ఇరికించి రాసి, ఆఖరికి నా రాత నాకే అర్థంకాక మొత్తం మళ్లీ తీయించుకున్నాను.