కేర్‌టేకర్ ‘ట్రైన్డ్’ అని ఏజెన్సీ చెప్తే నమ్మేయకండి, మా నాన్నకు ప్రాణం మీదకు వచ్చింది

ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్ల కోసం హైదరాబాద్‌లో కేర్‌టేకర్‌ను వెతుకుతున్నవాళ్లు దయచేసి డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

నాన్నకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మింగలేకపోతున్నారని ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పంపే గొట్టం, రైల్స్ ట్యూబ్ వేసి ఇంటికి పంపారు. అమ్మ ఒక్కతే చూసుకోలేదని ఒక ఏజెన్సీకి ఫోన్ చేశాను. ‘మా వాళ్లందరూ ట్రైన్డ్ సార్, ట్యూబ్ ఫీడింగ్, డైపర్ అన్నీ చేస్తారు’ అన్నారు. నెల డబ్బు ముందే కట్టించుకున్నారు. ట్రైనింగ్ సర్టిఫికెట్ అడిగితే ఆధార్ కాపీ పంపారు. నేను అక్కడే ఆగాల్సింది.

వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడే. కానీ మొదటి రోజే నాన్నను లేపడానికి పడిపోయిన చేతినే పట్టుకుని లాగాడు. అలా లాగితే భుజం కీలు జారుతుందని ఫిజియోథెరపిస్ట్ మాకు ముందే చెప్పారు. నాన్న మాట్లాడలేరు, మొహం మాత్రం బిగుసుకుపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం అమ్మ వంటింట్లో ఉంది. దగ్గు విని పరిగెత్తుకొచ్చేసరికి నాన్న వెల్లకిలా పడుకునే ఉన్నారు. ఆ అబ్బాయి సిరంజిలో రాగి జావ నింపి పిస్టన్‌తో గబగబా నెడుతున్నాడు. నాన్న నోటి పక్క నుంచి జావ కారుతోంది, పెదాలు నల్లబడుతున్నాయి. ‘ఆపు నాయనా!’ అని అమ్మ అరిస్తే, ‘ఇంకొంచెమే ఉందమ్మా, అయిపోతుంది’ అన్నాడట. మంచం కింద హ్యాండిల్ తిప్పితే తల వైపు లేస్తుందని కూడా అతనికి తెలియదు. 108కి ఫోన్ చేశాం. జావ ఊపిరితిత్తుల్లోకి పోయి నెమ్ము చేసింది. ఆరు రోజులు ఐసీయూ.

ఫీడ్ ఇచ్చేటప్పుడు తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉండాలి. ముందు సిరంజితో కొద్దిగా లాగి ట్యూబ్ పొట్టలోనే ఉందో లేదో చూసుకోవాలి. పిస్టన్ తీసేసి సిరంజిని పైకి పట్టుకుంటే జావ దానంతట అదే దిగాలి. చివర్లో నీళ్లు పోయాలి, ఆ తర్వాత కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. డిశ్చార్జ్ రోజు నర్సమ్మ పది నిమిషాల్లో మాకు నేర్పిన పని ఇది. ఏజెన్సీ ఆ పది నిమిషాలు కూడా పెట్టలేదు. ఆ అబ్బాయి అంతకుముందు కేటరింగ్‌లో పనిచేసేవాడట, ‘అక్కడ ఇంటివాళ్లే చెప్తారులే’ అని పంపారట. అందుకే నా కోపం అతని మీద కాదు.

ఏజెన్సీలు అందరినీ ‘సిస్టర్’ అనే అంటాయి. నిజంగా నర్సయితే ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ లాంటి నర్సింగ్ కోర్సు చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ఉంటారు. ఆ నంబర్ అడగండి. అటెండెంట్ అయితే జనరల్ డ్యూటీ అసిస్టెంట్ లాంటి కోర్సు చేశారా, ఎక్కడ చేశారు అని అడగండి. పోలీస్ వెరిఫికేషన్ కాగితం చూడకుండా ఇంట్లోకి రానివ్వకండి. ఇన్సులిన్ ఉన్నవాళ్లయితే షుగర్ 70 కంటే తగ్గితే ఏం చేస్తారో కూడా అడగండి, ఆ జవాబుతోనే చాలా తెలిసిపోతుంది.

డబ్బు వాపసు అడిగితే ‘వేరే మనిషిని పంపిస్తాం’ అన్నారు తప్ప రూపాయి ఇవ్వలేదు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు దాచుకోవడం మంచిదైంది.

ఇప్పుడు తెలిసినవాళ్ల ద్వారా ఒకామె వస్తోంది. మొదటి ఫీడ్ నా ఎదుటే ఇమ్మన్నాను. ఆమె ముందు వంగి మంచం హ్యాండిల్ తిప్పింది.